ముందు నకలు, తర్వాత వాటా

సోమవారం

గోడ కడుతున్నారు! ఇంటికి నడుమ, వరండా నుంచి పెరటి దాకా నిలువునా గోడ. ఇది రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు, కాలు నిలవడం లేదు. నాకంటూ ఒక వంటగది. నాకంటూ ఒక తలుపు. దానికి గడియ వేసుకుంటే వేసుకుంటాను, లేకపోతే బార్లా తెరిచి పెట్టుకుంటాను. అడిగేవాళ్లుండరు.

కారణం ఏమిటని బయటివాళ్లు అడిగితే చెప్పుకోవడానికి సిగ్గు. ఫ్యాను. మైక్రోస్కోపు స్లైడ్లు పెట్టెల్లో సర్దే బల్ల దగ్గర ఉక్కపోస్తోందని బావగారు ఫ్యాను వేస్తారు. ఈయన తుడిచి ఆరబెట్టిన గాజుబిళ్లలు గోరుకన్నా పల్చన, గాలి తగిలితే ఎగిరిపోతాయి, అందుకని ఆపేస్తారు. ఆయన వేస్తారు, ఈయన ఆపుతారు. నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. నిన్న అన్నదమ్ములిద్దరూ ఒకేసారి స్విచ్ మీద చెయ్యి వేశారు. అది ఊడి బావగారి చేతిలోకి వచ్చింది.

"ఇక కలిసి ఉండటం కుదరదురా" అన్నారు ఆయన, స్విచ్ పట్టుకునే.

"కుదరదు" అన్నారు ఈయన.

వాళ్లిద్దరూ ఒక మాట మీదకి రావడం నేను చూడటం అదే మొదటిసారి.

అత్తయ్య తన స్టూలు మీంచి లేవను కూడా లేవలేదు. "కట్టుకోండర్రా. నాకు మాత్రం ఎటు నీడ ఉంటే అటు అన్నం పెట్టండి" అన్నారు.

అక్క మొహం చూశాను. అక్కంటే బావగారి భార్య, నా తోటికోడలు. "మంచిదే, నాకూ ఒక వంటగది ఉంటుంది" అని నవ్వింది. అంత నవ్వాల్సిన పని లేదు. సరే, ఇద్దరికీ సంతోషమే అయితే ఇంకేం కావాలి.

మంగళవారం

వాటాలు తేలాయి. బావగారికి ఒక జబ్బు ఉంది, తెలిసిన సంగతిని తెలిసినవాళ్లకే మళ్లీ చెబుతారు. ఇంటిల్లిపాదీ పొద్దున లేస్తే చేసేది బళ్లకీ కాలేజీలకీ స్లైడ్లే అయినా, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"చూడండి. ఉల్లివేరు కొనలో జరిగేది సమవిభజన. కణంలో పదహారు క్రోమోజోములు. ముందు ఒక్కోదానికీ నకలు తయారవుతుంది. తర్వాతే ఒకటి అటు, ఒకటి ఇటు. రెండిళ్లలోనూ మళ్లీ పదహారు. మధ్యలో గోడ లేస్తుంది. ఆ గోడలో కూడా సన్నటి కన్నాలుంటాయి, సరుకు అటూ ఇటూ పోతూనే ఉంటుంది. ఇక పూమొగ్గలో జరిగేది క్షయకరణ విభజన. అక్కడా నకలు తీయడం ఒకసారే, కానీ విడిపోవడం రెండుసార్లు. కాబట్టి చివరికి నాలుగు కణాలు, తలా ఎనిమిది. అదీ పుప్పొడి..."

"ఎవరైనా ఆయనకి మంచినీళ్లివ్వండి, ఇంకా చాలా దూరం వెళ్లేలా ఉన్నారు" అన్నారు ఈయన నాతో, ఆయనకి వినబడేలా. స్విచ్ ఊడిన దగ్గర్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకున్నా నా ద్వారానో అక్క ద్వారానో.

చివరికి తేలింది ఇదీ. ఉల్లివేళ్ల పని వాళ్లకి. మొగ్గల పని మాకు. వేళ్ల స్లైడ్లు ప్రతి బడీ కొంటుంది. మొగ్గలవి కాలేజీలే కొంటాయి గానీ, అందులో సరైన దశ పట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. కష్టమైంది నాకు వచ్చింది. ఎంత గర్వంగా ఉందో.

రెండు తలల మైక్రోస్కోపు వాళ్లకే వెళ్లింది. మామయ్య ఒక మూతపడిన కాలేజీ నుంచి కొన్నది. ఒకే స్లైడుని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూడొచ్చు. లోపల చిన్న ముల్లు ఉంటుంది, అది తిప్పి ఇదిగో ఇక్కడ చూడు అని చూపించుకోవచ్చు. నేనూ అక్కా ఇన్నేళ్లూ దాని మీదే కూర్చున్నాం. మాకు ఒంటి తలది, కొత్తది కొన్నారు. సుబ్బరంగా ఉంది. నా కళ్లకి నేను, నా స్లైడుకి నేను.

బుధవారం

వంటగదికి లేత పసుపు రంగు వేయిస్తాను.

గురువారం

కొత్త మైక్రోస్కోపులో వెలుతురు మరీ ఎక్కువ.

పెరట్లో ఉల్లిపూల గుత్తులు విరగబూయడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక మొగ్గ తెచ్చి సూదితో విప్పాను. చితికిపోయింది. ఇంకోటి. అదీ చితికింది. మొగ్గలో ఆరు పుప్పొడి తిత్తులు ఉంటాయి. ఒకదాన్ని చూస్తే చాలు, మిగతా ఐదూ దాదాపు అదే దశలో ఉంటాయి. కానీ ఆ ఒకదాన్ని చితక్కుండా బయటికి తీసేది ఎప్పుడూ అక్కే. నేను నొక్కేదాన్ని. గాజుపలక మీద తిత్తి పెట్టి, ఎర్రరంగు చుక్క వేసి, పైన గాజుబిళ్ల కప్పి, బొటనవేలితో ఒకే ఒక్క నొక్కు. వేలు వెంట్రుకవాసి జరిగిందంటే లోపల అంతా చెల్లాచెదురు. ఆ వేలు ఇంట్లో అత్తయ్య తర్వాత నాకే అబ్బింది.

అవతలి బల్ల మీద అక్క వేరు కొనలు నొక్కుతోంది. చిటుక్కుమని ఒక గాజుబిళ్ల విరిగింది. కాసేపటికి ఇంకోటి. ఇక నావల్ల కాలేదు, కిసుక్కున నవ్వాను. అక్క కోపంగా చూడబోయి నా ముందున్న చితికిన మొగ్గల కుప్పని చూసింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అత్తయ్య "ఏంటర్రా?" అని అడిగితే చెప్పడానికి ఒక్కరికీ నోరు పెగల్లేదు.

అప్పుడు తట్టింది నాకు. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"అక్కా, మొన్న మీ ఆయన చెప్పింది విన్నావా?"

"ఎవరు వింటారే ఆయన చెప్పేది!"

"ముందు నకలు, తర్వాత వాటా! ఉల్లిపాయకి ఉన్నపాటి బుద్ధి మన మొగుళ్లకి లేదు. సూది నీ దగ్గర, వేలు నా దగ్గర పెట్టుకుని విడిపోతే రెండిళ్లలోనూ అరకొర పనే. నువ్వు నాకు సూది నేర్పు, నేను నీకు వేలు నేర్పుతాను. అంతా రెండేసి అయ్యాక హాయిగా విడిపోదాం."

"హాయిగా" అంది అక్క.

"హాయిగా" అన్నాను నేను.

శుక్రవారం

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు తలల దాని మీదే. నేర్చుకునేటప్పుడు ఇద్దరూ చూడాలి కదా, ఒంటి తలది ఎందుకూ పనికిరాదు.

అక్క నా బొటనవేలు పట్టుకుని పరీక్షగా చూసింది. "ఇదేంటే పిల్లా, చపాతీ కర్ర కింద పడ్డట్టుంది?" అంది. నేను తన చేతివేళ్లు చూశాను. సూది పట్టుకునే చోట చిన్న గుంట. ఇన్నేళ్లుగా పక్కనే ఉండి అది చూడలేదు.

శనివారం

సూది ఇంకా రాలేదు. నేనేం కావాలని చితక్కొట్టడం లేదు.

ఆదివారం

మేస్త్రి వచ్చాడు. ఇటుకలు దింపించి, దారం లాగి, సున్నంతో నేల మీద గీత గీశాడు. గీత సరిగ్గా రెండు తలల మైక్రోస్కోపు బల్ల కింద నుంచి పోయింది. "బల్ల జరపండమ్మా" అన్నాడు.

"ఇంకా నకళ్లు అవలేదు" అన్నాను.

"ఏం నకళ్లమ్మా? గోడకి నకలేంటి?"

"అది మా పనిలే నాయనా" అంది అక్క. "నువ్వు ముందు పెరటి వైపు నుంచి మొదలుపెట్టు."

అక్కకి గోడ తొందరగా లేవాలని ఎంత ఆత్రమో. పెరటి వైపు నుంచి అట.

సోమవారం

వచ్చింది! సూది వచ్చేసింది! మొగ్గ తలుపు తెరిచినట్టు విచ్చుకుంది, ఆరు తిత్తులూ ఆరు గింజల్లా నిలబడ్డాయి. ఒకదాన్ని తీసి నొక్కాను. అక్క అటు, నేను ఇటు కూర్చుని తలలు వంచాం.

ఎనిమిది జతలు. తల్లి వైపు నుంచి వచ్చినదీ తండ్రి వైపు నుంచి వచ్చినదీ ఒకదాన్నొకటి కావలించుకుని, కొన్ని ఉంగరాల్లా, కొన్ని కత్తెరల్లా. కావలించుకున్న చోట ముక్కలు మార్చుకుంటాయి. ఆ తర్వాత విడిపోయినా దీనిలో కొంత దానిది, దానిలో కొంత దీనిది. వేలసార్లు చూసిందే. అయినా నా ఒళ్లు పులకరించింది, ఎందుకంటే ఈ మొగ్గ విప్పింది నేను.

ముల్లు మెల్లగా కదిలి ఒక ఉంగరం దగ్గర ఆగింది.

"ఇదిగో ఈ రెండూ ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూడు" అంది అక్క.

"రెండు పక్కల నుంచీ కణంలో దారాలు లాగుతాయిలే, విడిపోక ఏం చేస్తాయి" అన్నాను.

ముల్లు చాలాసేపు అక్కడే ఉంది.

సూది వచ్చిందని ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. గట్టిపడాలి కదా. ఇంకో వారమైనా పడుతుంది.

మంగళవారం

ఈయన అన్నం తింటూ నా వైపు వింతగా చూశారు. "వదినలా నాలుక చప్పరిస్తున్నావేంటి?" అన్నారు. నేనా! అటు బావగారు అక్కని అడుగుతున్నారట, మరదలిలా ఆ బూతులు ఎక్కడ నేర్చావని. గాజుబిళ్ల విరిగినప్పుడు నేననే మాటలు అవి. పెద్ద బూతులు కావు.

బుధవారం

సోడాబుడ్డి మాస్టారు వచ్చారు. కళ్లజోడు మందాన్ని బట్టి మేం పెట్టుకున్న పేరు. పిల్లల ప్రాక్టికల్ పరీక్షకి వేరు స్లైడ్లు కావాలట, క్రోమోజోములు విడివిడిగా కనిపించి లెక్కపెట్టడానికి వీలుగా ఉండాలట. శనివారం వచ్చి తీసుకెళ్తారు. అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు, ఇది ఉమ్మడిలో ఆఖరి ఆర్డరు. ఆ వెంటనే బల్ల జరుపుతారు. గోడ పెరటి నుంచి నడుము ఎత్తున వచ్చి బల్లకి ఇవతల ఆగింది.

లెక్కపెట్టే స్లైడ్లంటే ఆపుమందు కావాలి. ఒక దుంపలోంచి తీసిన విషం అది. మందు తగిలితే క్రోమోజోములని అటూ ఇటూ లాగే దారాలు తయారవ్వవు. అవి విడిపోబోయి, ఎటూ పోలేక, మధ్యలో విడివిడిగా పరుచుకుని ఉండిపోతాయి. హాయిగా లెక్కపెట్టుకోవచ్చు. పొద్దున ఉల్లిపాయల్ని నీళ్ల సీసాల మీంచి మందు సీసాల మీదకి మార్చి, భోజనాల వేళకి తీసెయ్యాలి. అంతకన్నా ఉంచకూడదు.

రేపు పొద్దున మారుస్తాం. తీసే పని నాది.

గురువారం

అక్క ఈ రోజు ఒక్క గాజుబిళ్ల కూడా విరగ్గొట్టలేదు. కిందటి ఆర్డరులో మందు పెట్టగా మిగిలిన వేరు కొన నొక్కితే పదహారూ ఆరబోసిన వడ్లలా పరుచుకున్నాయి. వేలు వచ్చేసింది! పట్టరాని సంతోషంతో చప్పట్లు కొట్టాను. తర్వాత ఎందుకో ఇద్దరం వంటింట్లోకి వెళ్లి, చేసే పనేమీ లేకపోయినా, చాలాసేపు గిన్నెలు తోమాం.

సీసాలు తీయలేదు. మర్చిపోయాను.

శుక్రవారం

పొద్దున లేవగానే తీయాల్సింది. అక్క రంగు కాస్తుంటే పక్కన కూర్చుని మాటల్లో పడ్డాను. అక్క చిన్నప్పుడు నూతిలో పడ్డ చెంబుకోసం తనూ దిగిందట, చెంబు దొరికిందట గానీ పైకి రావడానికి తాడు లేదట. ఎంత నవ్వొచ్చిందో. మళ్లీ మర్చిపోయాను.

మర్చిపోయాననే రాస్తున్నాను.

శనివారం

ఎక్కడ మొదలెట్టను!

పొద్దున సీసాలు తీసి చూస్తే వేళ్ల కొనలు లావుగా ఉబ్బి గదల్లా ఉన్నాయి. బావగారు తల పట్టుకున్నారు. "నొక్కి చూడండి, కొన్నైనా పనికొస్తాయేమో" అన్నారు. అక్క కోసింది, నేను నొక్కాను. సరిగ్గా అప్పుడే మాస్టారు దిగారు, తిన్నగా రెండు తలల దాని ముందు కూర్చున్నారు. అటు ఆయన, ఇటు అక్క.

ఆయన పెదవులు కదులుతున్నాయి. పదహారు దాటినా ఆగలేదు.

"ఇదేంటమ్మా, ముప్ఫైరెండు ఉన్నాయి! ఇది ఉల్లిపాయా, ఉల్లిపాయల బస్తానా?"

నాకు తెలుసు ఏం జరిగిందో. ఆపితే కణం మాత్రం ఎంతకాలమని ఆగుతుంది? విడిపోవడం మానేసి, నకళ్లన్నిటినీ ఒకే ఇంట్లో పెట్టుకుని, మళ్లీ మామూలుగా పని మొదలెట్టింది. రెండిళ్ల సామాను ఒక్క ఇంట్లో. ఆ కళ్లజోడు నుదుటి మీదకి పోయిన మొహం చూసి నాకు నవ్వు తన్నుకొచ్చింది. పైట నోట్లో కుక్కుకున్నాను.

"పరీక్షకి పనికిరావు. బుధవారానికి మళ్లీ చేసివ్వండి, లేదంటే ఇంకో చోటు చూసుకుంటాను" అని వెళ్లిపోయారు మాస్టారు. బావగారు గట్టిగా నాలుగు మాటలన్నారు, న్యాయంగానే. మేస్త్రి బీడీ ఆర్పి, "అయితే బల్ల ఇవాళా జరగదన్నమాట" అన్నాడు.

మగవాళ్లు బయటికి వెళ్లాక అక్క దగ్గరికి వెళ్లాను.

"అక్కా, ఒక మాట చెప్తాను, తిట్టకు. నేను మర్చిపోలేదు. గురువారం భోజనాల వేళకి సీసాల దగ్గరికి వెళ్లాను, చూశాను, వెనక్కి వచ్చేశాను. ఇది అయిపోతే బల్ల జరిపేస్తారు కదా అని..."

అక్క ఎర్రరంగు గిన్నె కింద పెట్టింది.

"నేనూ చూశాను" అంది.

"ఏంటి?"

"గురువారం సాయంత్రం చూశాను. శుక్రవారం పొద్దున కూడా చూశాను. నువ్వు తీసేస్తావేమోనని నీకు చెంబు కథ చెప్పాను."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలియదు, ముందు ఎవరు ఏడ్చారో కూడా తెలియదు. అక్క ఎర్రరంగు చేతుల్తోనే నా మొహం పట్టుకుంది.

"మంచిదే అని నవ్వావుగా ఆ రోజు!" అన్నాను.

"నువ్వు గంతులేస్తుంటే నేనేం చెయ్యను? ఏడవనా?"

"పెరటి నుంచి మొదలెట్టమన్నావుగా!"

"బల్ల దాకా రావడానికి టైం పడుతుందనే, మొద్దూ!"

అబద్ధం ఎందుకు, ఇది నా డైరీ. నాకు లేత పసుపు వంటగది కావాలి. నా తలుపు నాకు కావాలి. అక్క కూడా కావాలి. అక్కకి చెబితే తనకీ అవే కావాలట, రంగు మాత్రం ఆకుపచ్చట. గోడ వద్దనుకోవడం లేదు మేం. ఫ్యాను గొడవ ఇంకో రోజు కూడా వినే ఓపిక మాకు లేదు. మా బాధంతా ఆ బల్ల గురించే.

ఆదివారం

మొహం మీద రంగు ఇంకా పోలేదు. ఎర్రటి వేలిముద్రలతో వెళ్లి బావగారి ముందు నిలబడ్డాను.

"బావగారూ, విడిపోయాక ఉల్లికణాల మధ్య గోడ లేస్తుంది కదండీ."

"అవునమ్మా" అన్నారు, నిన్నటి కోపం ఇంకా ఉన్నా. ఎవరైనా అడిగితే చెప్పకుండా ఉండలేరు పాపం.

"ఆ గోడ గట్టి గోడేనాండీ?"

"గట్టిదే. కాకపోతే దాన్లో సన్నటి కన్నాలుంటాయి, వాటిలోంచి అటూ ఇటూ..." అంటూ ఆగిపోయారు. నా వెనక అక్క నిలబడి ఉంది. అక్క వెనక బల్ల ఉంది.

"ఉల్లిపాయకి లేని పట్టింపు మనకెందుకండీ" అన్నాను.

బావగారు సున్నం గీత వైపు చూశారు. వాదించాలంటే ఇన్నేళ్లుగా తను చెప్పిన పాఠంతోనే వాదించాలి. "మీ ఆయన్ని అడుగు" అన్నారు చివరికి. ఈయన్ని అడిగితే "ఆయన్ని అడుగు" అన్నారు. అత్తయ్య స్టూలు ఈడ్చుకుంటూ వచ్చి బల్ల పక్కన గీత మీదే వేసుకుని కూర్చున్నారు. ఇంకెవరినీ అడగక్కర్లేకపోయింది.

మేస్త్రికి చెబితే నోరు తెరిచాడు. "గోడ కట్టమని పిలిచి కన్నం పెట్టమంటారేంటమ్మా? కన్నాలేసే పని నాది కాదు!"

"కిటికీ అనుకో" అంది అక్క.

"తలుపుల్లేకుండానా?"

"లేకుండానే."

బుధవారం

మాస్టారు స్లైడ్లు పట్టుకెళ్లారు. పదహారే. మూడుసార్లు లెక్కపెట్టుకున్నారు.

శుక్రవారం

గోడ పూర్తయింది! నా వంటగది పసుపు, ఎంత బావుందో, ఎండ పడితే నిమ్మపండులా మెరుస్తోంది. పొద్దున తలుపుకి గడియ వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ఎవరూ అడగలేదు.

తర్వాత కన్నం దగ్గరికి వెళ్లాను. బల్ల సగం మా ఇంట్లో, సగం వాళ్లింట్లో. మైక్రోస్కోపు ఒక తల ఇటు, ఒక తల అటు. అక్క అప్పటికే వచ్చి కూర్చుంది, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను తల వంచాను. అప్పుడే విడిపోయిన వేరుకణం ఒకటి, రెండు పక్కలా పదహారేసి, మధ్యలో ఇంకా పూర్తిగా లేవని గోడ, సన్నటి గీతలా. ముల్లు కదిలి ఆ గీత మీద ఆగింది.

"కన్నాలు కనబడుతున్నాయా?" అంది అక్క అవతలి నుంచి.

"దీంట్లో కనబడవే. అంత చిన్నవి."

"ఉన్నాయిగా కానీ?"

"ఉన్నాయి."

సరిగ్గా అప్పుడు బావగారు తన వైపు, తన సొంత స్విచ్‌తో, ఫ్యాను వేసుకున్నారు. గాలి గోడకి కొట్టుకుని ఊరుకోలేదు. తిన్నగా కన్నంలోంచి మా ఇంట్లోకి దూసుకొచ్చింది. ఈయన పొద్దుటి నుంచి తుడిచి పేర్చిన గాజుబిళ్లలన్నీ ఒక్కసారి లేచి, ఎండలో తళతళమంటూ, నా పసుపు వంటగది నిండా పరుచుకున్నాయి.

ఈయన రెండు అంగల్లో వచ్చి కన్నంలో తల పెట్టారు.

"అన్నయ్యా! ఫ్యాను!"

స్విచ్ ఊడిన రోజు నుంచి ఈయన ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. అవతల ఫ్యాను ఆగింది.

"ఏంట్రా, చాలా ఎగిరాయా?" అన్నారు బావగారు.